చిట్టెలుక గుండెలో కాల్షియం: మనిషికి వర్తించేది ఎంత?

(బెంగళూరులో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవాళ్లకు మందులు గుర్తొస్తాయి. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా మొదటిసారి వెనక్కి తగ్గించిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్. అవన్నీ ఆయన 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిన తర్వాతి సంగతులు. నేను ఇవాళ మాట్లాడదలచింది అంతకు ముందు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన పని గురించి. ఆ పని మందుల పనికన్నా చిన్నది కాదు. గుండె ఎలా కొట్టుకుంటుందని అడిగితే జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో, కండరంలో ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణం నీలంగా మారుతుంది; నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని, కండరం పనిచేస్తే అది తరిగి, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుందని చూపారు. 1929లో, కణాలకు శక్తినిచ్చే పదార్థమైన ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పదార్థాన్ని పట్టుకున్నాడు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, 1922లో బోస్టన్ చేరిన మనిషి ఏడేళ్లలో చేసిన పని ఇది.

మనిషి గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందుకు రోజుకు 6 కిలోలకు పైగా ఏటీపీని తయారుచేసుకుని ఖర్చుపెడుతుంది. ఏ క్షణాన చూసినా చేతిలో ఉన్న నిల్వ కొద్ది సెకన్లకే సరిపోతుంది. ఈ ఖర్చులో పెద్ద పద్దు కండరం ముడుచుకోవడానిదే. తర్వాతి పద్దు కాల్షియాన్ని ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి తిరిగి చేర్చడానిది. నా ఉపన్యాసమంతా ఈ రెండో పద్దు గురించే.

గుండెకు కాల్షియం అవసరమని లోకానికి తెలిపినవాడు లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్. 1880ల మొదట్లో కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేస్తున్నాడు. బాగానే కొట్టుకుంది. తీరా చూస్తే, ఆ ఉప్పునీటిని స్వేదనజలంతో కాక మామూలు కుళాయి నీళ్లతో కలిపారని తేలింది. స్వేదనజలంతో మళ్లీ కలిపి చూస్తే గుండె నీరసించి ఆగిపోయింది. లండన్ నీళ్లలో ఉండి స్వేదనజలంలో లేనిది కాల్షియం. 1883లో ఆయన దాన్ని ప్రచురించాడు. ఆసుపత్రిలో నేటికీ ఎక్కించే రింగర్ ద్రావణం ఆయన పేరున ఉన్నదే.

అక్కడి నుంచి నేటి అవగాహనకు రావడానికి ఎనభై, తొంభై ఏళ్లు పట్టింది. గుండె కండర కణం లోపల, విశ్రాంతి వేళ, స్వేచ్ఛగా తిరిగే కాల్షియం చాలా తక్కువ; కణం బయట ఉన్నదానిలో పదివేల వంతు. విద్యుత్ తరంగం కణం పొర మీదికి రాగానే పొరలోని కాల్షియం మార్గాలు తెరుచుకుని కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్దిపాటి కాల్షియం కండరాన్ని ముడిచేంత కాదు, కానీ లోపలి నిల్వను కదిలించడానికి సరిపోతుంది. మన రాయలసీమ చెరువునే అనుకోండి: కణం లోపల సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే తిత్తి చెరువు, దానికున్న రయనోడిన్ గ్రాహకం తూము, తూములోంచి పారిన నీటిని మళ్లీ చెరువులోకి తోడే మోటారు సెర్కా. తిత్తి లోపల కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ పేరు క్యాల్సీక్వెస్ట్రిన్. బయటికి వచ్చిన కాల్షియం కండరపు పోగులోని ప్రొటీన్ ట్రోపోనిన్‌కు అంటుకుంటే కండరం ముడుచుకుంటుంది, విడిపోతే సడలుతుంది. కాల్షియం అంటుకునేది ట్రోపోనిన్ వ్యవస్థకేనని తేల్చినవాడు టోక్యోలో సెత్సురో ఎబాషి.

గుండె జబ్బు అనగానే ముడుచుకునే బలం తగ్గడమే అనుకుంటాం. సడలడం కూడా ఖర్చుతో కూడిన పనేనని, ఆ ఖర్చు ఏటీపీలోనే పడుతుందని చాలామందికి తెలియదు. సెర్కా ఒక ఏటీపీని ఖర్చుచేసి రెండు కాల్షియం అయాన్లను వెనక్కి తోడుతుంది. ఈ పంపు ఎంత చురుగ్గా ఉందో తెలుసుకోవాలంటే ఏటీపీ నుంచి విడిపోయిన ఫాస్ఫేట్‌ను కొలవడం ఒక పాత, నమ్మకమైన దారి. ఆ కొలతకు ఫిస్క్–సుబ్బారావు పద్ధతినీ దాని సవరణలనూ దశాబ్దాలుగా వాడుతూనే ఉన్నారు. నీలిరంగు గొట్టం ముందు నిలబడ్డ ప్రతి విద్యార్థీ ఆయన బల్ల దగ్గర నిలబడ్డట్టే లెక్క.

సెర్కాకు ఒక పగ్గం ఉంది. దాని పేరు ఫాస్ఫోలాంబన్. 52 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. 1970లలో ఆర్నాల్డ్ కట్జ్, మిచిహికో తాడా దాన్ని గుర్తించారు. మామూలు వేళల్లో ఇది సెర్కాను పట్టి నెమ్మదిగా నడిపిస్తుంది. మనం పరుగెత్తినా భయపడినా అడ్రినలిన్ వల్ల ఫాస్ఫోలాంబన్‌కు ఒక ఫాస్ఫేట్ తగులుకుంటుంది. పట్టు సడలుతుంది, సెర్కా జోరందుకుంటుంది, గుండె వేగంగా సడలి మళ్లీ గట్టిగా కొట్టుకుంటుంది. గుండె నీరసించిన రోగుల్లో సెర్కా తగ్గి, దానితో పోలిస్తే ఫాస్ఫోలాంబన్ పాలు పెరిగినట్టు ఎన్నో పరీక్షల్లో కనబడింది. అలాంటప్పుడు ఆ పగ్గాన్నే తీసేస్తే?

ఈ ప్రశ్నకు చిట్టెలుక కావలసి వచ్చింది. ఒక్క జన్యువును ఎంచి చెడగొట్టే పద్ధతిని కపెక్కి, ఎవాన్స్, స్మితీస్ 1980లలో సాధించారు. 2007లో వారికి నోబెల్ వచ్చింది. గుండె కణంలో మాత్రమే ఒక ప్రొటీన్‌ను ఎక్కువ చేయగల జన్యు మీటను సిన్సినాటిలో జెఫ్రీ రాబిన్స్ బృందం అందుబాటులోకి తెచ్చింది. అదే ఊళ్లో ఇవాంజెలియా క్రేనియాస్ బృందం 1994లో ఫాస్ఫోలాంబన్ లేని చిట్టెలుకను తయారుచేసింది. అది బతికింది, పెరిగింది, పిల్లల్ని కన్నది. దాని గుండె మామూలు చిట్టెలుక గుండె కన్నా బలంగా ముడుచుకుంది, త్వరగా సడలింది. అడ్రినలిన్ లాంటి మందు ఇస్తే అదనంగా పెద్ద మార్పేమీ లేదు. ముందే పూర్తి జోరులో ఉంది కాబట్టి. ఒక ప్రొటీన్ చేసే పనిని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు శరీరధర్మ శాస్త్రంలో అరుదు. నాకు అది నేటికీ అందమైన ప్రయోగమే.

1999లో ఆశ మరింత పెరిగింది. మజిల్ లిమ్ ప్రొటీన్ లేని చిట్టెలుకకు గుండె ఉబ్బి నీరసిస్తుంది. దాన్ని ఫాస్ఫోలాంబన్ లేని చిట్టెలుకతో కలిపి, రెండూ లేని సంతానాన్ని పుట్టించారు శాన్ డియాగోలో కెనెత్ చియన్ బృందంవారు. ఆ సంతానానికి గుండె జబ్బు రాలేదు. ఇక మనిషికీ ఇదే మందు అన్న మాట చాలా చోట్ల వినిపించింది. వేరే జన్యులోపాలున్న కొన్ని చిట్టెలుకల్లో మాత్రం ఈ ఉపాయం పారలేదు. విడి కణాలు బాగుపడ్డా గుండె బాగుపడలేదు. ఆ ఫలితాలకు 1999 నాటి ఫలితానికి వచ్చినంత పేరు రాలేదు.

2003లో క్రేనియాస్ బృందమే మనుషుల్లో ఫాస్ఫోలాంబన్ లేకపోతే ఏమవుతుందో కనిపెట్టింది. గ్రీసుకు చెందిన రెండు కుటుంబాల్లో ఆ జన్యువులో 39వ అమైనో ఆమ్లం దగ్గర మార్పు వచ్చి ప్రొటీన్ అర్ధాంతరంగా ఆగిపోతోంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ మార్పు సంక్రమించిన ఇద్దరికి గుండె ఉబ్బి, పనిచేయలేని స్థితికి చేరింది. ఒకరికి 16వ ఏట, మరొకరికి 27వ ఏట గుండె మార్పిడి చేయవలసి వచ్చింది. చిట్టెలుకకు బలమిచ్చిన అదే లోటు మనిషి గుండెను కూల్చింది. చిట్టెలుకను సృష్టించిన ప్రయోగశాలే ఈ మాటను ఏ తడబాటూ లేకుండా ప్రచురించడాన్ని నేను చాలా గౌరవిస్తాను. తాము కట్టిన ఆశ మీద తామే గీత గీయడం ఏ శాస్త్రవేత్తకూ తేలిక కాదు.

ఎందుకీ తేడా? చిట్టెలుక గుండె నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు దొరికే వ్యవధి సెకనులో పదో వంతు. అంతలో కాల్షియాన్ని వెనక్కి తోడాలంటే సెర్కా తప్ప దిక్కులేదు. కొలిచి చూస్తే చిట్టెలుక, ఎలుక జాతుల్లో ఆ పనిలో 90 శాతం పైగా సెర్కాదే. మనిషిలోనూ కుందేలులోనూ సుమారు 70 శాతమే సెర్కా చేస్తుంది. మిగిలినదాన్ని ఎక్కువగా సోడియం–కాల్షియం మార్పిడి ప్రొటీన్ కణం బయటికి పంపుతుంది. చిట్టెలుక పంపు ఎప్పుడూ దాదాపు పూర్తి సామర్థ్యం దగ్గరే నడుస్తోంది. మనిషి గుండె నిమిషానికి 70 దగ్గర ఉండి, అవసరమైతే రెండింతలకు పైగా వెళ్లగలగాలి. ఆ వెసులుబాటే మనకు ప్రాణం. ఫాస్ఫోలాంబన్ లేకపోతే పోయేది అదే. కండరాన్ని ముడిచే ప్రొటీన్ మయోసిన్ కూడా చిట్టెలుకలో వేగపు రకం, మనలో నిదానపు రకం. ఇవి తెలియని విషయాలు కావు. 1994కు ముందే శరీరధర్మ శాస్త్రవేత్తలకు తెలుసు. తెలిసిన తేడాను ఫలితం వచ్చిన ఉత్సాహంలో పక్కన పెట్టాం.

చిట్టెలుక తనను తాను సర్దుకునే తీరు కూడా విస్మయం కలిగిస్తుంది. ఆస్లోలో ఒక బృందం పెద్దయిన చిట్టెలుకల గుండెలో సెర్కా జన్యువును ఒక్కసారిగా తీసేసింది. నాలుగు వారాలకు ప్రొటీన్ 5 శాతం కన్నా తగ్గిపోయింది. అయినా గుండె కొంతే నీరసించింది. కణం పొర మీది ఇతర మార్గాలు పని పంచుకున్నాయి. ఏడు వారాలకు గాని పూర్తి వైఫల్యం రాలేదు. నాలుగో వారంలోనే ప్రయోగం ఆపిన మనిషి సెర్కా అంత ముఖ్యం కాదని రాసి ఉండేవాడు.

సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్‌కూ ఇలాంటి పరీక్షే ఎదురైంది. క్రియాటిన్ తయారుచేసుకోలేని చిట్టెలుకలను పుట్టించి, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో వాటి గుండెను, పరుగును చూశారు. మామూలు వాటితో సమానంగానే పరుగెత్తాయి. గుండెపోటు తెప్పించిన తర్వాత కూడా అదనపు నష్టం కనబడలేదు. 1927 నాటి ఆవిష్కరణ అనవసరమైనదా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది: అదే జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లలను చూడండి. మూర్ఛలు, మాట రాకపోవడం, బుద్ధి వికాసం ఆగిపోవడం. ఆ లోటుకు చికిత్స క్రియాటిన్‌నే నోటి ద్వారా ఇవ్వడం. జబ్బును ఎంత త్వరగా పసిగడితే అంత మేలు.

మన పల్లెల్లో అందరికీ తెలిసిన పచ్చగన్నేరును తీసుకోండి. అది గుండెకు విషమని ఏ తల్లీ పిల్లలకు చెప్పకుండా ఉండదు. ఆ విషమూ, గుండె నీరసానికి వైద్యులు రెండు శతాబ్దాలకు పైగా వాడుతున్న డిజిటాలిస్ మందూ ఒకే కోవకు చెందినవి. కణం పొర మీది సోడియం పంపును అవి పట్టి ఆపుతాయి. సోడియం పేరుకుంటుంది, దానితో పాటు కాల్షియం పేరుకుంటుంది. కొలత ప్రకారం ఇస్తే గుండె బలంగా ముడుచుకుంటుంది, మించితే లయ తప్పి ప్రాణం తీస్తుంది. చిట్టెలుకలోని ప్రధాన సోడియం పంపుకు ఈ మందు సరిగా అంటుకోదు. మనిషిని చంపే మోతాదు దానికి లెక్కే కాదు. చిట్టెలుకనే నమ్ముకుని ఈ మందును తూకం వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సిన్సినాటిలో జెరీ లింగ్రెల్ బృందం ఈ తేడాను తలకిందులు చేసి, మనిషిలాగే ఆ మందుకు స్పందించే పంపున్న చిట్టెలుకను తయారుచేసింది. మనిషి నుంచి ఒక ప్రశ్నను తీసుకువెళ్లి, ఆ ప్రశ్నకు తగ్గట్టు చిట్టెలుకను మలచారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. గన్నేరు విషానికి డిజిటాలిస్ ప్రతిరక్షక ఖండాలు పనిచేస్తాయని తేల్చినది మాత్రం శ్రీలంక ఆసుపత్రుల్లో రోగుల మీద జరిగిన పరీక్ష, 2000లో ప్రచురించారు.

నేను మీ ముందు పెట్టదలచిన ప్రధానమైన మాట ఇక్కడికి వచ్చింది. జన్యువు మార్చిన చిట్టెలుక ఒక ప్రొటీన్ ఏం చేస్తుందో చెప్పడంలో సాటిలేనిది. ఆ ప్రొటీన్‌ను మనిషిలో ఏం చేయాలో చెప్పే హక్కు దానికి లేదు. ప్రశ్న రోగి దగ్గర పుట్టి, చిట్టెలుక దగ్గరికి వెళ్లి, తిరిగి రోగి దగ్గరికి వచ్చినప్పుడు మేలు జరిగింది. చిట్టెలుక దగ్గరే పుట్టిన ప్రశ్న మనిషి దాకా వచ్చేసరికి తరచూ దారి తప్పింది.

మేలు జరిగిన ఉదాహరణ ఒకటి వివరంగా చెబుతాను. విశ్రాంతిలో ఈసీజీ మామూలుగానే ఉంటుంది, గుండె నిర్మాణంలో లోపం కనబడదు; అయినా ఆటల్లో, ఈతలో, గట్టిగా భయపడినప్పుడు లయ తప్పి కుప్పకూలే పిల్లలు ఉన్నారు. ఆ జబ్బును వైద్యులు సీపీవీటీ అంటారు. 2001లో దీని మూలాలు రెండు బయటపడ్డాయి. కొన్ని కుటుంబాల్లో రయనోడిన్ గ్రాహకం జన్యువు మారింది. ఇజ్రాయెల్‌లోని బెడూయిన్ కుటుంబాల్లో క్యాల్సీక్వెస్ట్రిన్ జన్యువు మారింది. 2006లో నోల్‌మన్ బృందం క్యాల్సీక్వెస్ట్రిన్ లేని చిట్టెలుకను తయారుచేసింది. మామూలుగా బతుకుతుంది, అడ్రినలిన్ తగిలితే పిల్లల్లో కనిపించిన అదే లయభంగం. తిత్తి నుంచి కాల్షియం వేళకాని వేళ కారిపోవడం, దాన్ని బయటికి పంపే క్రమంలో సోడియం లోపలికి వచ్చి కణాన్ని అకాలంగా రగిలించడం, అన్నీ కంటికి కనబడ్డాయి.

తర్వాత వారు వెతికింది కొత్త మందు కోసం కాదు. అప్పటికే వాడుకలో ఉన్న ఫ్లెకైనైడ్ అనే మందు రయనోడిన్ గ్రాహకం నుంచి కాల్షియం కారడాన్ని అడ్డుకుంటుందని గమనించారు. చిట్టెలుకలో పనిచేసింది. మామూలు మందులకు లొంగని ఇద్దరు రోగులకు ఇచ్చారు, వారిలోనూ పనిచేసింది. 2009లో ప్రచురించారు. 2017లో 14 మంది రోగులతో జరిగిన నియంత్రిత పరీక్ష ఆ మాటను బలపరిచింది. ఇది గుండెపోటు వచ్చినవారికి ఇస్తే మరణాలు పెరిగాయని 1989లో తేలిన మందే అని మరవకూడదు. ఒక జబ్బులో హాని చేసినది మరో జబ్బులో ప్రాణం కాపాడింది. ఏ రోగికి ఏది అన్నది జన్యువు స్థాయిలో తెలిసినందువల్లే ఇది సాధ్యమైంది. మందు సరిగ్గా ఏ ప్రొటీన్‌పై పనిచేస్తోందన్న వాదన మాత్రం పరిశోధకుల మధ్య సాగుతూనే వచ్చింది.

వాదనలు ఇంకా ఉన్నాయి. రయనోడిన్ గ్రాహకం మీద 2808వ స్థానంలో ఫాస్ఫేట్ ఎక్కువగా అంటుకోవడం గుండె వైఫల్యానికి మూలమని 2000లో ఆండ్రూ మార్క్స్ బృందం ప్రతిపాదించింది. ఆ స్థానాన్ని మార్చిన చిట్టెలుకకు రక్షణ దొరికిందని వారి ఫలితం; అదే స్థానాన్ని మార్చి ఇతర బృందాలు చూస్తే రక్షణ కనబడలేదు. ఒకే జన్యుమార్పు, రెండు జవాబులు. విద్యార్థులకు నేను ఈ వివాదాన్ని తప్పక చదవమని చెబుతాను.

మనిషి మీద నేరుగా చేసిన పెద్ద పరీక్ష సెర్కా జన్యు చికిత్స. వైఫల్యం చెందిన గుండె కణాల్లో సెర్కాను పెంచితే అవి కోలుకుంటాయని రోజర్ హజ్జార్ బృందం 1999లో చూపింది. జంతువుల్లోనూ ఫలితాలు బాగున్నాయి. హాని చేయని వైరస్‌లో సెర్కా జన్యువును ఎక్కించి రోగుల గుండె ధమనుల్లోకి పంపారు. మొదటి చిన్న పరీక్ష 2011లో ఆశ చూపింది. 250 మందితో చేసిన రెండో పరీక్ష ఫలితం 2016లో వెలువడింది. మందు తీసుకున్నవారికీ, ఉత్తి ద్రావణం తీసుకున్నవారికీ తేడా లేదు. జన్యువు తగినన్ని కణాలకు చేరనే లేదని కొందరి అభిప్రాయం. అది నిజమైతే సెర్కాది తప్పు కాదు, చేర్చిన దారిది తప్పు. అయినా రోగికి కావలసింది వివరణ కాదు, ఉపశమనం.

ఇక మన ఊరి సంగతి. బెంగళూరులో, బళ్లారి రోడ్డు మీద వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో జాతీయ జీవశాస్త్ర కేంద్రం, ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థ పక్కపక్కనే ఉన్నాయి. చిట్టెలుక జన్యువులను మార్చే సదుపాయం అక్కడ ఉంది. అక్కడే గైతీ హసన్ ఎన్నో ఏళ్లుగా కణంలోని కాల్షియం సంకేతాల గురించి పండు ఈగల్లో పరిశోధించారు. తిత్తి నుంచి కాల్షియాన్ని వదిలే మరో గ్రాహకం లోపిస్తే ఈగ ఎగరలేదని ఆమె బృందం చూపింది. ఈగ నాడులకూ మనిషి గుండెకూ ఏం సంబంధమని అడిగేవారికి, ఆ తిత్తీ ఆ కాల్షియమూ రెండింటిలోనూ ఒకే కుదురుకు చెందినవని చెప్పాలి.

ఇన్‌స్టెమ్‌లో గుండె కండర జబ్బుల మీద పనిచేసే పెరుందురై ధండపాణి పేరు మరో పెద్ద పనితో ముడిపడి ఉంది. 2009 జనవరిలో ఆయనా, హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ తదితరులూ కలిసి ఒక సంగతి ప్రచురించారు. మయోసిన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉంది; అది ఉన్నవారికి గుండె కండర జబ్బు ముప్పు ఎక్కువ. అది కాల్షియాన్ని తోడే ప్రొటీన్ కాదు, కాల్షియం అందగానే పనిచేసే కండరపు పోగులోది. అయినా నేను దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఇది మన ఆసుపత్రుల్లో, మన కుటుంబాల్లో పుట్టిన ప్రశ్న. యూరప్ వారి జన్యువులనే వెతికి ఉంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 2018లో అమెరికాలో ఉన్న దక్షిణాసియా సంతతి వారిని పరిశీలిస్తే, ఆ ముక్క లోపించిన వారిలో కొందరికి అదే జన్యువులో ఇంకో మార్పు కూడా ఉందని, గుండె తీరులో తేడా వారిలోనే స్పష్టంగా ఉందని తేలింది. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన పరిశీలన, జబ్బు ముప్పులో ఎక్కువ భాగం ఆ ముక్కకు జతగా ప్రయాణించే మరో అరుదైన మార్పుదని చెప్పింది. అంటే ఆ 4 శాతం మందిలో చాలామంది భయపడనక్కర్లేదు. అసలు ముప్పు ఉన్న కొద్దిమందిని వేరుచేసి చెప్పగలగాలి. ఇదంతా చిట్టెలుక చెప్పేది కాదు, వేల మంది మనుషుల రక్త నమూనాలు చెప్పేది. ఏ మార్పు ఏ విధంగా కండరాన్ని చెడగొడుతుందో తెలియడానికి మళ్లీ చిట్టెలుక కావాలి. రోగి చర్మం నుంచో రక్తం నుంచో తీసిన కణాలను మూలకణాలుగా మార్చి గుండె కణాలను పెంచే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. 2023లో మన దేశపు మందుల పరీక్షల నియమాలను సవరించి ఇలాంటి మనిషి కణాల పరీక్షలకూ చోటిచ్చారు. అవి కూడా అసంపూర్ణమే. గిన్నెలో పెరిగిన కణం పసి గుండె కణంలా ఉంటుంది గాని, పెద్దవారి గుండె కణంలా కాదు.

జంతువుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన సంఘం అనుమతి లేకుండా ప్రయోగం చేయడానికి లేదు. ఆ చట్టాన్ని అడ్డంకిగా చూసే యువ పరిశోధకులు కనబడుతుంటారు. అడిగే ప్రశ్న సరిగా లేకపోతే ఒక్క చిట్టెలుక ప్రాణం తీసినా అది వృథాయే. ఫలితం రాని ప్రయోగాన్ని ప్రచురించకుండా సొరుగులో పెట్టేస్తే, మరో ఊళ్లో మరొకరు అదే ప్రయోగం కోసం మళ్లీ జంతువులను చంపుతారు. వ్యర్థ ఫలితాలను కూడా అచ్చువేయడం పరిశోధకుడి ధర్మంలో భాగమే.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావుగారి గుండె నిద్రలోనే ఆగిపోయింది. ఏటీపీని వెలికితీసిన చేతులు అవి. ఆయన పేరు మీద మనం సభ చేసుకుంటున్నాం కనుక మూడు వర్గాలవారిని మూడు విషయాలు అడుగుతాను.

ఈ నగరంలో గుండె జబ్బులు చూసే వైద్యులను అడిగేది: జయదేవ వంటి పెద్ద ఆసుపత్రుల గుమ్మం దగ్గరికి కర్ణాటక, రాయలసీమ, తెలంగాణల నుంచి రోజూ ఎందరో వస్తున్నారు. ఉబ్బిన గుండెతో వచ్చిన యువకుడి తల్లిదండ్రులు ఎలా ఉన్నారు, మేనమామ ఎలా పోయాడు, దగ్గరి సంబంధంలో పెళ్లి జరిగిందా అని అడిగి వంశవృక్షం గీయండి. మన తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఉన్నందున, తల్లి వైపూ తండ్రి వైపూ ఒకే మార్పు కలిసే అవకాశం ఎక్కువ. ఆ గ్రీకు కుటుంబాలు నేర్పిన పాఠం వంటిది మన ఊళ్ల నుంచే బయటపడవచ్చు.

పరిశోధన చేస్తున్న పిల్లలను అడిగేది: చిట్టెలుకను తయారుచేసే ముందు ఏడాదిలో ఒక్క నెలైనా గుండె జబ్బుల వార్డులో గడపండి. మీ ప్రశ్నను మంచాన ఉన్న మనిషి నుంచి తెచ్చుకోండి.

ఇక్కడ కూర్చున్న కుటుంబాలను అడిగేది ఇది. మీ ఇంట్లో గాని, మీ బంధువుల్లో గాని, 40 ఏళ్ల లోపు ఎవరైనా ఆడుతూనో, ఈత కొడుతూనో, ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయి ఉంటే దాన్ని విధి అని వదిలేయకండి. అదే ఇంటి పిల్లలు పరుగెత్తినప్పుడు కళ్లు తిరిగి పడుతుంటే వెంటనే గుండె వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగుందని ఊరుకోవద్దు. పరుగు పరీక్ష కూడా చేయమని అడగండి. ఈ జబ్బుకు మందు ఉంది.